వీధిన పడ్డ ప్రశ్నలు

కరెంటు పోయిందంటే సత్యవేణికి పై ప్రాణాలు పైనే పోయేవి. కంచరపాలెం మెట్ట వీధిలో అందరిళ్ళల్లో ఫ్యాన్లు ఆగేవి. ఆమె ఇంట్లో పిల్ల ఆగిపోయేది.

ఆ రోజూ అంతే. మోక్షితకు పెరుగన్నం కలిపి ముద్దలు పెడుతోంది. ఆరేళ్ళ పిల్ల గచ్చు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, గోడ మీద పాకేదాన్ని చూస్తూ, "అది బల్లి కదమ్మా" అని ముద్ద కోసం నోరు తెరిచింది. అంతలో ఫ్యాను ఆగింది. వీధి చివరి సెల్ టవరులో బ్యాటరీలు చచ్చి చాలా కాలమైంది, కరెంటుతో పాటు అదీ పోతుంది. మోక్షిత తెరిచిన నోరు మూసేసింది. బల్లి వైపు చూసింది, అదేమిటో తెలియలేదు. ముద్ద వైపు చూసింది, అదీ తెలియలేదు. ఆఖరికి ఆ ముద్ద పట్టుకున్న మనిషి ముఖంలోకి చూసింది. రేషను షాపు వరసలో ముందు నిలబడ్డవాళ్ళను చూసే చూపు అది. మెల్లగా వెనక్కి జరిగి గోడకు కరుచుకుపోయింది.

సత్యవేణి ప్రతిసారీ చేసే పనే చేసింది. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే పిల్లను ఒడిలోకి లాక్కుని, నేనే అమ్మని, నేనే అమ్మని అంటూ ఊపేసింది. పిల్ల కెవ్వుమంది. గింజుకుంటూ మోచేత్తో తల్లి పెదవి చిట్లేలా పొడిచింది. పక్క వాటాలోంచి లోవమ్మ ఏమైందని కేకేసింది. టవరు మళ్ళీ లేచేదాకా తల్లీ కూతురూ గదిలో చెరో మూలా కూర్చుని ఏడ్చారు. లేచాక మోక్షిత కళ్ళు తుడుచుకుని, "అమ్మా, నీ మూతికి రక్తమొచ్చింది" అని దగ్గరికొచ్చింది. అదీ సత్యవేణి బతుకు. పూటకోసారి కూతుర్ని పోగొట్టుకుని, పూటకోసారి కనేది.

అంతకు ముందు వాళ్ళది తుని. మొగుడు నూకరాజు నెట్టు కంపెనీలో లైన్‌మన్. స్తంభం ఎక్కితే మంచివాడు, దిగితే కాదు. ఒకనాడు భార్య మీద చెయ్యెత్తినప్పుడు పిల్ల మధ్యకొచ్చింది. వాడు ఒక్క తోపు తోశాడు. పిల్ల తల గడపకు తగిలింది. ఆసుపత్రిలో కళ్ళు తెరిచిన మోక్షితకు చూపుంది, మాటుంది, వినికిడుంది. కానీ కంటికి కనబడినదానికీ, అది ఫలానా అన్న ఎరుకకూ మధ్య దారం తెగిపోయింది. అమ్మ అన్న మాట తెలుసు. అమ్మ అంటే ఎవరో, ప్రతి పిల్లకూ ఒక అమ్మ ఉంటుందనీ తెలుసు. ఎదురుగా నిలబడ్డ ఆడమనిషి ఆ అమ్మేనని మాత్రం తెలియదు. చెంచా, పిల్లి, ఎండ, అన్నీ అంతే.

నూకరాజు రెండు రోజులు ఏడ్చాడు. మూడోనాడు, బయట ఎక్కడైనా నోరిప్పితే తల్లినీ పిల్లనీ ఒకే గోతిలో పెడతానన్నాడు. సత్యవేణి స్టేషనుకు వెళ్ళింది. అక్కడ వాళ్ళు మొగుణ్ణి పిలిపించి, సంసారమన్నాక సర్దుకుపోవాలమ్మా అని చెప్పి అదే బండి మీద వెనక్కి పంపించారు. ఆ ప్రయాణమంతా వాడు ఒక్క మాటా మాట్లాడలేదు. దానికే ఆమె ఎక్కువ భయపడింది. విశాఖపట్నంలో ఇలాంటి పిల్లల కోసం ఏదో కొత్త వైద్యం కనిపెడుతున్నారని ఆసుపత్రి ఆయమ్మ చెవిలో వేసింది. కట్టుబట్టలతో పిల్లను చంకనేసుకుని రైలెక్కేసింది. వాడికి తెలియకుండా బతకడమే ఇక ఆమెకున్న ఒకే ఒక పని.

ల్యాబులో డాక్టర్ కామేశం గారు పెద్ద. ఆయన కింద వినీల అనే ఇంజనీరమ్మాయి. పిల్ల చెవి వెనక చింతగింజంత బిళ్ళ అతికించి, అరచేతంత పెట్టె ఒకటి సత్యవేణి చేతిలో పెట్టారు. పిల్ల దేన్నైనా చూసి అదేమిటో తెలియక మనసులో తడుముకుంటే, బిళ్ళ ఆ తడుములాటను పట్టుకుని ప్రశ్నగా మారుస్తుంది. మెరుస్తోంది, పొడుగు కాడ, గుండ్రటి తల, ఏది? ఆ ప్రశ్న పెట్టెలోకి, పెట్టె నుంచి నెట్టు మీద ల్యాబులోకి వెళ్తుంది. అక్కడ మోక్షిత కోసమే కట్టిన పేర్ల గది ఉంది. రెప్పపాటులో జవాబు తిరిగొచ్చి, పిల్లకు తనంతట తనకే తోచినట్టు తోస్తుంది. చెంచా.

పేర్ల గదికి ఫొటోలూ గొంతులూ అన్నీ సత్యవేణే ఇచ్చింది. తన ముఖం పది రకాలుగా తీయించింది. నూకరాజు ఫొటో మాత్రం ఇవ్వలేదు. ఆ ముఖం ఎవరిదో కూతురికి ఎప్పటికీ తెలియక్కర్లేదనుకుంది.

ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే, ఇవన్నీ బయటివాళ్ళెవరైనా చూస్తారా అని. కామేశం గారు నవ్వారు. "పెట్టెకీ మాకూ మధ్యన సొరంగం ఉందమ్మా. వీపీఎన్ అంటారు. ఏ నెట్టు మీద పోయినా సొరంగంలోనే పోతుంది. చీమ కూడా దూరదు."

వినీల ఏదో అనబోయింది. పెట్టె లైనక్సు మీద నడుస్తుంది సార్, ఇంట్లో నెట్టు మారితే ఎలా ఉంటుందో మనమింకా చూడలేదు అని మొదలుపెట్టింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. ఎందుకంటే అప్పటికే పిల్ల తల తిప్పి, తల్లి ముఖాన్ని ఒక్క క్షణం చూసి, "అమ్మా, ఆకలేస్తోంది" అంది. ఆ గదిలో ఆ తరవాత ఎవరికీ నెట్టు సంగతి గుర్తు రాలేదు. వినీల కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

*

ల్యాబువాళ్ళు పెట్టెలో వేసిచ్చిన సిమ్ టవరు ఉన్నంతసేపే పనిచేస్తుంది. పెదవి చిట్లిన సాయంత్రమే సత్యవేణి ఒక నిర్ణయానికొచ్చింది. లోవమ్మ ఇంట్లో వైఫై ఉంది, దానికి ఇన్వర్టరు ఉంది. కరెంటు పోయినా ఆవిడ సీరియల్ ఆగదు. చేపల పులుసు గిన్నె పట్టుకెళ్ళి, పిల్లకు పాటలు పెట్టుకుంటాను పిన్నిగారూ అని పాస్‌వర్డు అడిగి తెచ్చుకుంది. ఏ నెట్టు మీద పోయినా సొరంగమే అని అంత పెద్ద డాక్టరు చెప్పాడు కదా.

ఆ రోజు నుంచి కరెంటు పోయినా మోక్షిత పోలేదు. ఆ ధైర్యం రుచి మరిగాక సత్యవేణికి ఆశ ఎక్కువైంది. రేషను షాపులో అడిగింది. రామాలయం పూజారి గారి కోడల్ని అడిగింది. టిఫిన్ బండి దగ్గర అడిగింది. బస్ కాంప్లెక్సులో ఊరికే ఇచ్చే నెట్టునైతే అటువైపు పనిబడినప్పుడు ముందే కలిపి పెట్టేసింది. ఊళ్ళో ఎక్కడ నిలబడ్డా తన కూతురు తనను అమ్మా అని పిలవాలి. పక్కింటికెళ్ళి నిప్పు తెచ్చుకున్నట్టు ఆమె ఊరంతా తిరిగి నెట్టు అడిగి తెచ్చుకుంది.

వానాకాలం వెళ్ళిపోయింది. మోక్షిత కొంచెం ఒళ్ళు చేసింది. కాకిని చూసి కాకి అంటోంది, లోవమ్మను చూసి మామ్మా అంటోంది. నిద్రలో మాత్రం ఒక్కోసారి కనుబొమ్మలు ముడిపడి, పెట్టె మీది దీపం ఆగకుండా మినుకుమినుకుమనేది. కలలో కూడా చదువుకుంటోంది కాబోలని మురిసిపోయేది సత్యవేణి.

ఒక మధ్యాహ్నం పెరట్లో లోవమ్మతో కలిసి ఎండురొయ్యలు బాగుచేస్తోంది. లోవమ్మ పనికన్నా ఫోను ఎక్కువ చూస్తోంది, చూస్తూ పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"ఒలే సత్యవేణీ, ఇది ఇన్నావేటి? ఊరంతా ఇదేనట ఇప్పుడు. నెట్టు కంపినీ కుర్రోళ్ళు పెడతన్నారు. ఎవరింట్లోనో ఓ ఎర్రోడున్నాడట, రోజంతా నెట్టుని పిచ్చి ప్రశ్నలడుగుతాడట. సదవమంటావా?" అని లోవమ్మ జవాబు కోసం ఆగకుండానే మొదలెట్టింది. "ఒంటికాలు, మూడు రెక్కలు, ఎక్కడికీ ఎగరదు, ఏది? ఫ్యానట. ఇంకోటి. కాళ్ళు లేవు, గోడ మీద పాకుతోంది, ముట్టుకుంటే వెచ్చగా ఉంది, ఏది? దీనికెవరూ సెప్పలేకపోనారు. ఎండ కాదేటే?"

సత్యవేణి కూడా నవ్వింది. ఎండ గోడ మీద పాకడం భలే ఉందే అనుకుంది.

"ఇదైతే మరీనూ. ఏడుపొస్తే తలుపు వెనక్కెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుంటుంది, ఎవరు?" లోవమ్మ నవ్వు కొంచెం తగ్గింది. "ఎవత్తో పాపం. మొగుడు సావగొడతన్నాడేమో."

సత్యవేణి చేతిలోని చేట పక్కకు ఒరిగింది. రొయ్యలు మట్టిలో పడ్డాయి. ఆ తలుపు తనది. ఆ కొంగు తనది. ఆ సంగతి చూసిన మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉంది, అది అప్పుడు మెట్ల మీద కూర్చుని పిల్లికూనతో ఆడుకుంటోంది.

ఫోను ఒకసారి ఇమ్మని అడిగి తీసుకుంది. ఎనిమిదో తరగతితో ఆగిన చదువు, అయినా గడగడా చదివేసింది. అన్నీ మోక్షితవే. పిల్ల చూసిన ప్రతి వస్తువూ, అడిగిన ప్రతి సందేహమూ, కింద ఎవరెవరో పెట్టిన వెకిలి నవ్వులూ. జవాబులు లేవు, ప్రశ్నలే. అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నను కుర్రాళ్ళు పైన అతికించి, ఇది రాత్రుళ్ళు ఆగకుండా వస్తుంది అని రాసి పెట్టారు.

గడ్డం కింద కాలిన మచ్చ, చెయ్యి పైకెత్తాడు, ఎవరు?

పేర్ల గదిలో ఆ ముఖం లేదు. అందుకని జవాబు రాలేదు. జవాబు రానందుకు పిల్ల నిద్రలో అడుగుతూనే ఉంది, అడుగుతూనే ఉంది. దాని కింద ఒకడు అడిగాడు, ఈ కనెక్షన్ ఎవరింటిది అని. పక్కనే గుండ్రంలో వాడి ఫొటో. స్తంభానికి నిచ్చెన వేసుకుని నిలబడి నవ్వుతున్నాడు. ఇంకెవడో స్నేహానికి పోయి లోవమ్మ భర్త పేరూ, మెట్ట వీధి గుర్తులూ అన్నీ చెప్పేశాడు. నూకరాజు దానికొక దణ్ణం బొమ్మ పెట్టాడు. అది పెట్టింది నిన్న సాయంత్రం.

సత్యవేణి ఫోను తిరిగి ఇచ్చేసింది. లోవమ్మ ఏమైందే అలా అయిపోయావని అడుగుతూనే ఉంది. "పిన్నిగారూ, మా గురించి ఎవరైనా వచ్చి అడిగితే ఊరెళ్ళిపోయారని చెప్పండి" అని మాత్రం అని, పిల్లను ఎత్తుకుని, పెట్టె సంచిలో వేసుకుని, తలుపుకు తాళం కూడా పెట్టకుండా రోడ్డెక్కింది.

*

ల్యాబులో వినీల పెట్టెకు తీగ తగిలించి తెర మీద ఏవో అక్షరాలు పరుగులెత్తిస్తూ చాలాసేపు చూసింది. చూసిన కొద్దీ ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది.

"పేర్ల గదిలో ఒక్కో పేరుకీ ఒక్కో తలుపండి. ఏ తలుపు కొట్టాలో పెట్టె ముందు ఎవర్నో అడగాలి. ఆ చెప్పే చోటుని డీఎన్ఎస్ అంటాం. మన పెట్టె మనల్నే అడగాలి. కానీ కొత్త నెట్టు తగలగానే ఆ నెట్టువాళ్ళు, దారి నన్నడుగు అని వాళ్ళ చిరునామా ఇస్తారు. పెట్టెను నడిపే లైనక్సు మన చిరునామా చెరిపేసి వాళ్ళది రాసుకుంది. జవాబులన్నీ సొరంగంలోనే వచ్చాయి. ప్రశ్నలు మాత్రం..."

"పరదా కట్టిన రిక్షాలో కూర్చుని, ప్రతి సందులోనూ తల బయటపెట్టి, ఫలానావాళ్ళిల్లెక్కడండీ అని అరిచినట్టా?" అంది సత్యవేణి.

వినీల తల దించుకుంది. ఇంకెక్కడెక్కడి నెట్టుకు కలిపారని అడిగింది. ఆ మాటకు సత్యవేణి పెట్టె వైపు చూసింది. రేషను షాపూ, గుడీ, కాంప్లెక్సూ అని చెబితే, ఇంత తెలివితక్కువదాని చేతిలో పెట్టె ఉంచకూడదని లాగేసుకుంటారేమో. పిల్ల పక్కనే కుర్చీలో కాళ్ళూపుకుంటూ తనను చూసి నవ్వుతోంది. "లోవమ్మ గారింట్లో ఒక్కచోటేనండి" అంది.

అంతలో కామేశం గారు వచ్చారు. అంతా విన్నారు. కోప్పడలేదు. చాలా నెమ్మదిగా మాట్లాడారు. ఇది బయటికి పొక్కితే ప్రయోగం మూసేస్తారనీ, ఇంకా వరసలో ఎందరో పిల్లలున్నారనీ, ఆమె కాస్త ఓపిక పట్టి నోరు కట్టుకుంటే అందరికీ మంచిదనీ చెప్పారు. పెట్టె విప్పి సరిచేయాలంటే పైనుంచి అనుమతి రావాలట, అప్పటిదాకా ముట్టుకోవడానికి లేదట. సత్యవేణి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. వాడొస్తున్నాడనీ, ఆ పెట్టె బాగయ్యేదాకా ల్యాబులో ఏ మూలైనా పడుంటామనీ అడిగింది. ఇది సత్రం కాదు తల్లీ అన్నారాయన, లేవండి లేవండి అంటూ ఆమెను భుజం పట్టి లేపుతూనే.

గేటు దాకా వినీల వెంట వచ్చింది. వాళ్ళక్క సాలూరులో ఆడపిల్లల హాస్టలు వార్డెననీ, ఇప్పుడే ఫోన్ చేసి చెబుతాననీ, కాంప్లెక్సుకెళ్ళి సాలూరు బస్సెక్కెయ్యమనీ చెప్పింది. "సిమ్ మీద ఉన్నంతసేపు భయం లేదండి. అది సొంత దారి. లోవమ్మ గారింటి వైపు మాత్రం వెళ్ళకండి" అని, ఇంకేదో చెప్పాలనుకుని, సార్ నా మాట వినలేదు అని గొణిగి లోపలికి పరిగెత్తినట్టు వెళ్ళిపోయింది.

*

కాంప్లెక్సు కిటకిటలాడుతోంది. సాలూరు బస్సు ఇంకా ప్లాట్‌ఫారం మీదికి రాలేదు. ఒక స్తంభం చాటున పిల్లను నిలబెట్టి సత్యవేణి నలువైపులా చూసింది. మోక్షితకు అంతా తిరునాళ్ళలా ఉంది. జామకాయలమ్మేవాళ్ళను చూస్తోంది, సబ్బు నురగ ఊదేవాణ్ణి చూస్తోంది. చూసిన ప్రతిదానికీ ఒక్క క్షణం ఆగి, పేరు తోచగానే వెలిగిపోతోంది. "అమ్మా, జామకాయ. అమ్మా, బుడగలు."

అప్పుడు కనబడ్డాడు నూకరాజు. తుని బస్సు దిగినట్టున్నాడు, వరసలకు అవతల, విచారణ గది దగ్గర. గళ్ళ చొక్కా. చేతిలో ఫోను. ఇటు చూడటం లేదు, ఫోనులోకే చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ తలెత్తి జామకాయల బుట్టల వైపు తిరిగాడు. కాంప్లెక్సులో రెండో మూడో చోట్ల జామకాయలున్నాయి, వాడు ఒక్కొక్కటీ చూస్తున్నాడు. మళ్ళీ ఫోనులోకి వంగాడు. ఈసారి తల తిప్పింది బుడగలవాడి వైపు.

సత్యవేణికి అర్థమైంది. వాడు ఎవరినీ వెతకడం లేదు. పిల్ల ఎటు చూస్తే అటు చూస్తున్నాడు. లైన్ల మీద బతికేవాడికి లైను మీద ఏం పోతోందో చూపించే స్నేహితులుంటారు. తన సంచిలో పెట్టె, ఎప్పుడో తానే కలిపి పెట్టిన కాంప్లెక్సు నెట్టును గుర్తుపట్టి, అడక్కుండానే సిమ్ వదిలి దాన్ని పట్టుకుంది. వినీలకు చెప్పి ఉంటే తీసేసేది. చెప్పలేదు.

"అమ్మా," అని మోక్షిత స్తంభం మీద పెద్ద అక్షరాలతో రాసిన అంకెను వేలితో చూపించింది, "అది ఏడు."

నూకరాజు ఫోనులోంచి తలెత్తాడు. ప్లాట్‌ఫారం అంకెలు ఒక్కొక్కటీ చదువుకుంటూ నడవడం మొదలెట్టాడు.

పెట్టె ఆపేస్తే వాడి ఫోను మూగబోతుంది. కానీ పిల్ల తనను మరిచిపోతుంది. మరిచిపోతే కెవ్వుమంటుంది, ఇంతమంది మధ్యన. ఈవిడెవరో నన్ను పట్టుకుంది అన్నట్టు గింజుకుంటుంది. జనం మూగుతారు. పిల్లల్నెత్తుకుపోయేదని తననే పట్టుకుంటారు. అప్పుడు కన్నతండ్రినని వాడు తీరిగ్గా ముందుకొస్తాడు, వాడి దగ్గర కాగితాలుంటాయి. పెట్టె ఉంచితే ఇంకో నాలుగు వరసలు దాటి వచ్చేస్తాడు. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి.

సత్యవేణి కూర్చుని పిల్ల ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. మోక్షిత, "ఏంటమ్మా" అంది. ఇంకోసారి అను అంది సత్యవేణి. "అమ్మా" అంది పిల్ల, విసుగ్గా. సత్యవేణి పిల్ల చెవి వెనక వేలు పెట్టి బిళ్ళను పీకేసి, సంచిలో చెయ్యి పెట్టి పెట్టె ఆపేసింది.

పిల్ల కళ్ళల్లోంచి ఊరంతా వెళ్ళిపోయింది. బుడగలు పోయాయి, జామకాయలు పోయాయి. తన బుగ్గల మీద ఉన్న చేతుల్ని చూసింది, చేతులవెంట పైకొచ్చి ముఖాన్ని చూసింది. కింది పెదవి వణికింది. ఏడుపుకు ముందు పిల్లలు పీల్చే గాలి ఉంటుందే, ఆ గాలి పీల్చింది.

సత్యవేణి చప్పున చేతులు తీసేసి వెనక్కి జరిగింది. నేనే అమ్మని అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నాళ్ళూ ఆ మాటతోనే పిల్లను బెదరగొట్టిందని అప్పుడు తట్టింది. ఎవరో తెలియని మనిషి వచ్చి మీద పడి, నన్ను తెలుసని ఒప్పుకో అంటే ఏ పిల్ల మాత్రం ఏడవదు? చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఎవరో పరాయి పిల్లతో అన్నట్టు అంది.

"పాపా, నేనెవరో నీకు తెలీదు కదా. పర్లేదు. నేను ఆ బస్సెక్కుతున్నాను. నాతో వస్తావా? కిటికీ పక్కన కూచోబెడతాను."

పిల్ల పీల్చిన గాలి మెల్లగా వదిలింది. చాలాసేపు చూసింది. అవతల నూకరాజు ఫోనును అరచేతికేసి కొట్టుకుంటున్నాడు, చెవి దగ్గర పెట్టుకుని ఎవరినో తిడుతున్నాడు. సాలూరు బస్సు పొగ చిమ్ముకుంటూ వాడికీ వీళ్ళకూ మధ్యకొచ్చి ఆగింది.

మోక్షిత చెయ్యి చాపింది.

ఆ చెయ్యి పట్టుకుని సత్యవేణి బస్సు మొదటి మెట్టెక్కింది. వచ్చింది, పిల్ల వచ్చేసింది అనుకుంది. రెండో మెట్టు మీదికి వచ్చాక ఇంకో సంగతి తట్టి, పట్టుకున్న చెయ్యి మరింత బిగించింది. ఇంత మెత్తగా ఎవరు పిలిచినా ఈ పిల్ల వెళ్తుంది. గడ్డం కింద మచ్చ ఉన్నవాడు పిలిచినా సరే.

ఊరు దాటాక సత్యవేణి దగ్గరున్న చిన్న ఫోనుకు వినీల ఫోన్ చేసింది. ఏడుస్తూ మాట్లాడింది. సార్ ఇప్పుడే పేర్ల గది మూయించేశారట, ఒక్క ప్రశ్న కూడా మిగలకుండా అన్నీ తుడిపించేశారట. మోక్షిత అనే పిల్ల తమ దగ్గరికి వచ్చినట్టే ఇక ఎక్కడా ఉండదట. బిళ్ళ మళ్ళీ పెట్టినా ప్రశ్నలు వెళ్ళడానికి ఇంక చోటు లేదు. సత్యవేణి సరేనమ్మా అంది. ఫోను ఆపేసి, బిళ్ళనూ పెట్టెనూ కిటికీలోంచి, దారి పక్కన పారే గెడ్డలోకి విసిరేసింది.

పక్కన కిటికీకి ముఖం ఆనించి కూర్చున్న పిల్ల వెనక్కి పోతున్న పచ్చదనాన్ని చూస్తోంది. వరిచేలని గానీ, కొబ్బరి చెట్లని గానీ దానికి తెలియదు. అయినా బాగుందన్నట్టు చూస్తోంది. కొంతసేపటికి ఇటు తిరిగి, కొత్తవాళ్ళతో మాట్లాడే మర్యాదతో అడిగింది.

"మనం వెళ్ళేచోటికి మా అమ్మ కూడా వస్తుందాండీ?"

"వస్తుంది," అంది సత్యవేణి.

పిల్ల కిటికీ వదిలింది. సీటు మీద జరిగి, గుట్టు చెప్పేటట్టు గొంతు తగ్గించింది.

"నాకేమో చూస్తే తెలీదండి. వచ్చినప్పుడు మీరు చెప్పండేం."